అప్పగింత వేళ



ఎవరి పేరున ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ ఆచార్యుల దగ్గర చదువుకున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. డ్రాయింగు దిద్దేటప్పుడు ఆయన వేలు ముందుగా దూలమూ స్తంభమూ కలిసే చోటికే వెళ్లేది. దూలం లెక్క ఒకరు చేశారు, స్తంభం లెక్క ఇంకొకరు చేశారు, మరి ఈ కలిసే చోటి లెక్క ఎవరిదయ్యా అని అడిగేవారు. ఆ ప్రశ్నకు తరగతిలో తరచు మౌనమే జవాబు. మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, దెబ్బతిన్న ప్రాజెక్టును మళ్లీ నిలబెట్టడం గురించే చెప్పాలనుకున్నాను. ఆ విషయం గురించి ఆలోచించిన ప్రతిసారీ నేను తిరిగి చేరుతున్నది ఆయన వేలు పెట్టిన చోటికే.

పని చెడినప్పుడు డబ్బు చాలలేదంటారు, మనుషులు చాలలేదంటారు, గడువు చాలలేదంటారు. ఒక్కొక్కప్పుడు అవి నిజమే. కానీ పెద్ద పెద్ద వైఫల్యాల మీద వెలువడిన నివేదికలు చదువుతూ పోతే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. భాగాలు బాగానే ఉంటాయి. ఒక భాగం తన పని ముగించి ఇంకో భాగానికి అప్పగించే ఆ కాస్త వేళలో పగ్గం ఎవరి చేతిలోనూ ఉండదు. గట్టు మీదివాడు వదిలేశాడు, కిందివాడు ఇంకా పట్టుకోలేదు, బిందె జారింది. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మన నేల మీదే, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోటలో జరిగింది.

1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. అంతకుముందు ఏడాది ఆగస్టు 10న జరిగిన తొలి ప్రయోగం విఫలమైన సంగతీ అబ్దుల్ కలాం గారి పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. ఆ తర్వాతి కథ మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. నా దృష్టిలో ఇంజనీరు కాబోయేవాడికి పనికొచ్చేది ఆ తర్వాతి కథే.

ఎస్‌ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, మోయగలిగింది 40 కిలోలు. 150 కిలోల ఉపగ్రహాన్ని 400 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చే వాహనం కావాలనుకున్నారు. చేతిలో ఉన్న మొదటి దశ మోటారుకు అటొకటి ఇటొకటి, అదే ఒక మీటరు వ్యాసం గల మరో రెండు ఘన ఇంధన మోటార్లు కట్టారు. వీటినే స్ట్రాప్-ఆన్‌లు అంటారు. ముందు పక్కవి రెండూ మండుతాయి. అవి ఆరిపోయే సమయానికి నడిమిది అంటుకుంటుంది. దీనికి ఏఎస్‌ఎల్‌వీ అని పేరు పెట్టారు. వింటే, ఉన్న ఇంటికి రెండు గదులు కలిపినంత తేలిక అనిపిస్తుంది. నిజానికి దేశంలో అంతకుముందు ఎవరూ చేయని పనులు ఎన్నో అందులో ఒక్కసారే వచ్చిపడ్డాయి. స్ట్రాప్-ఆన్‌లు కొత్త, కిందకంటే తల లావుగా ఉండే ఉష్ణకవచం కొత్త, దారి తప్పితే తనంతట తానే లెక్కేసుకుని సరిదిద్దుకునే మార్గనిర్దేశం కొత్త, రాకెట్‌ను నిలువుగా నిలబెట్టి కూర్చడం కూడా కొత్తే.

1987 మార్చి 24న మొదటి ఏఎస్‌ఎల్‌వీ లేచింది. పక్క మోటార్లు చక్కగా మండాయి. అవి ఆరిపోయాక నడిమి మోటారు అంటుకోలేదు. రాకెట్ సముద్రంలో పడింది. మోటారును అంటించే ఏర్పాటు మీద అనుమానాలు వచ్చాయి, ఆ ఏర్పాటును గట్టిపరిచారు, పదహారు నెలలు తిరక్కుండానే 1988 జూలై 13న రెండోది ఎగరవేశారు. ఈసారి నడిమి మోటారు అంటుకుంది. కానీ రాకెట్ దాదాపు 50 సెకన్ల దగ్గర గాలిలోనే విరిగిపోయింది. జర్మనీవారి కెమెరా పరికరం ఒకటి కూడా దానితోపాటే పోయింది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ 50వ సెకను దగ్గర ఏం జరిగిందో దగ్గరగా చూద్దాం. సైన్సు విద్యార్థులు కానివారు కూడా వినండి, కష్టమైన విషయమేమీ కాదు.

రాకెట్ నేల మీద ఉన్నప్పుడు గాలి దట్టంగా ఉంటుంది, వేగం ఉండదు. బాగా పైకి పోయాక వేగం ఉంటుంది, గాలి ఉండదు. నడుమ ఒకానొక ఎత్తులో వేగమూ గాలీ రెండూ చాలినంత ఉండి, రాకెట్ ఒంటి మీద ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా పడుతుంది. ఆ వేళ ముక్కు గాలికి ఎదురుగా నిటారుగా ఉండాలి. కాస్త పక్కకు తిరిగిందా, గాలి దాన్ని పుల్లలా విరిచేస్తుంది. నిటారుగా ఉంచేది ఎవరు? నాజిల్ లోంచి పోయే మంటలోకి ఒక పక్కనుంచి ద్రవాన్ని చిమ్మితే మంట కాస్త వంగుతుంది, దాంతో రాకెట్ తిరుగుతుంది. చుక్కాని అదే. మంట ఉన్నంతసేపే ఆ చుక్కాని పని చేస్తుంది.

ఇక ఘన ఇంధన మోటారు స్వభావం చూడండి. ఒకసారి అంటుకుంటే మన చేతిలో ఏమీ లేదు. ఎన్ని సెకన్లు మండుతుందో లెక్క ఉంటుంది గానీ, ఇంధనాన్ని పోతపోసిన తీరును బట్టి, ఆనాటి ఉష్ణోగ్రతను బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది. రెండు మోటార్లుంటే రెండూ ఒకే క్షణాన చల్లారవు. ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ తేడా వల్ల ఒక పక్క తోపు ఎక్కువై రాకెట్ పక్కకు ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే చుక్కాని బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. నడిమి మోటారేమో గడియారం చెప్పిన క్షణానికి అంటుకునేట్టు ఏర్పాటు చేసి ఉంది. పక్క మోటార్లు అనుకున్నదానికంటే ముందే చల్లారాయి. గడియారానికి ఆ సంగతి తెలియదు. ఆ ఖాళీ సెకనులో అంత పెద్ద వాహనాన్ని నడిపేవారు లేరు.

మొదటి ప్రయోగం, రెండో ప్రయోగం చెడింది ఒకే చోట అన్నది గమనించండి. రెండుసార్లూ పక్క మోటార్లు నడిమి మోటారుకు పని అప్పగించే వేళ. మొదటిసారి ఆ వేళ బయటపడ్డ తప్పును దిద్దారు. ఆ వేళనే మొత్తంగా విప్పి చూడలేదు. అది ఎవరి నిర్లక్ష్యమనీ నేను అనను. స్ట్రాప్-ఆన్ బృందం తన మోటారును బాగా చేసింది. నడిమి దశవారు తమదాన్ని బాగా చేశారు. ఆటోపైలట్ వారూ అంతే. ఎవరి పని వారు బాగా చేసిన చోట, ఎవరి పనీ కాని ఒక సెకను మిగిలిపోయింది.

ఆ తర్వాత ఇస్రో చేసినదాన్ని నేను మనసారా గౌరవిస్తాను. రెండు వరుస వైఫల్యాలు, పార్లమెంటులో ప్రశ్నలు, పత్రికల్లో విమర్శలు వచ్చినప్పుడు పై నుంచి వచ్చే మొదటి ఆలోచన మనందరికీ తెలుసు, ఎవరినో ఒకరిని తప్పించడం. ఇక్కడ అలా జరగలేదు. 1984లో ఛైర్మన్ అయిన యు.ఆర్.రావు గారు 1994 దాకా ఆ స్థానంలోనే ఉన్నారు. రాకెట్ కట్టిన సంస్థకే దాన్ని బాగుచేసే బాధ్యత ఇచ్చారు. అదే సమయంలో ఆ పనిని బయటివారి కళ్ల ముందు పరిచారు. ఎస్.సి.గుప్తా గారి అధ్యక్షతన వైఫల్య విశ్లేషణ సంఘం ఒకటి, ప్రొఫెసర్ రొద్దం నరసింహ గారి అధ్యక్షతన నిపుణుల సమీక్షా సంఘం ఇంకొకటి కూర్చున్నాయి. నరసింహ గారు గాలి ప్రవాహాల శాస్త్రంలో ప్రపంచం ఎరిగిన మనిషి, సతీశ్ ధావన్ గారి శిష్యుడు, అప్పటికి బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల సంచాలకుడు. లోపలివారికి రాకెట్ అణువణువూ తెలుసు, కానీ తమ తమ భాగాలకే కళ్లు అలవాటుపడి ఉంటాయి. బయటివారికి భాగాల మీద మమకారం లేదు, కాబట్టి అతుకులు కనిపిస్తాయి. ఈ రెండిటిలో ఏ ఒక్కటీ చాలదు. లోపలివారిని తరిమేసి బయటివారిని తెస్తే తెలిసినదంతా గుమ్మం దాటిపోతుంది. లోపలివారినే నమ్ముకుంటే మళ్లీ అదే సెకను.

ఏం మార్చారు? నడిమి మోటారును గడియారానికి వదిలేయడం మానేశారు. పక్క మోటార్ల తోపు తగ్గుముఖం పట్టడాన్ని వాహనమే పసిగట్టి, అప్పటికప్పుడు నిర్ణయించుకుని నడిమిదాన్ని అంటించేట్టు చేశారు. అంటే పుచ్చుకునేవాడికి ఇచ్చేవాడి చేతిని చూసే కళ్లు వచ్చాయి. అడుగున రెక్కలు బిగించారు, చుక్కాని లేని క్షణంలో కూడా బాణానికి ఈకల్లా నిటారుగా నిలబెట్టడానికి. ఆ వేళకు గాలి ఒత్తిడి తక్కువ ఉండేట్టు చూసుకున్నారు, నిర్మాణాన్ని గట్టిపరిచారు, ఆటోపైలట్‌ను డిజిటల్ పద్ధతికి మార్చారు. ఒక్క సెకను కోసం ఇంత పని! మొదటిసారి పదహారు నెలలు పట్టినచోట ఈసారి దాదాపు నాలుగేళ్లు తీసుకున్నారు. ఆ నాలుగేళ్లు ఆగనిచ్చిన ప్రభుత్వానికి కూడా కొంత మెప్పు దక్కాలని నా అభిప్రాయం.

1992 మే 20న మూడో ఏఎస్‌ఎల్‌వీ 106 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. కక్ష్య కావలసినంత ఎత్తు లేదు, రెండు నెలల్లోపే ఉపగ్రహం రాలిపోయింది. 1994 మే 4న నాలుగోది 113 కిలోల స్రోస్-సి2ను పైకి చేర్చింది. గామా కిరణాల విస్ఫోటాలను గమనించిన ఆ చిన్న ఉపగ్రహం 2001 దాకా ఆకాశంలో ఉంది.

అతుకుల దగ్గర చెడటం ఏఎస్‌ఎల్‌వీతో ఆగలేదు. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్‌ఎల్‌వీ, రెండో దశ విడిపోయే వేళ కలిగిన కుదుపు నుంచి తేరుకోలేకపోయింది. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు ఉంది. ఆజ్ఞ విలువ నిర్ణీత హద్దు దాటినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. మామూలు వేళల్లో దాగి ఉంటుంది. కుదుపు వచ్చింది, హద్దు దాటింది, తప్పు తలెత్తింది. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ 48 సెకన్ల దగ్గర అదుపు తప్పింది. పైనున్న కంప్యూటరు సరిగానే ఆజ్ఞలిస్తోంది, కింద స్ట్రాప్-ఆన్ ఇంజన్లు సరిగానే మండుతున్నాయి, నడుమ క్రయోజెనిక్ దశ అడుగున ఉన్న పది కనెక్టర్ల గుంపు ఊడిపోయి ఆజ్ఞ కిందికి చేరలేదు. ఆ కనెక్టర్లకు రక్షణగా ఉన్న తొడుగు గాలి ఒత్తిడికి వంగింది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఎగరవేసినప్పుడు తొడుగు డిజైను మార్చడమే గాక, అది ఎగురుతూ ఎలా కదులుతుందో చూడటానికి కెమెరాలు కూడా పెట్టారు. ఆ ప్రయోగాన్నే మొదట 2013 ఆగస్టు 19న, ఇంకా 74 నిమిషాలు ఉందనగా, ఒక టాంకు నుంచి ఇంధనం కారడం చూసి ఆపేశారు. ఆ టాంకును వేరే మిశ్రమలోహంతో చేసినదానితో మార్చి 2014 జనవరి 5న ఎగరవేసి 1,982 కిలోల జీశాట్-14ను కక్ష్యకు చేర్చారు. 74 నిమిషాల ముందు ఆపగలగడం నాకు విజయంలో భాగంగానే కనిపిస్తుంది.

రాకెట్లు మనకెందుకు అనుకునే సాఫ్ట్‌వేర్ విద్యార్థులు ఈ సభలో ఎక్కువే ఉన్నారు కాబట్టి వాళ్ల రంగంలోకి వస్తాను. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో అచ్చయిన తన పుస్తకంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని తేల్చారు. లెక్క వేసి చూడండి. అయిదుగురు ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు 10. పదిమంది ఉంటే 45. యాభైమంది అయితే 1,225. పనివారిని చేర్చామనుకుంటాం, అతుకుల్ని చేరుస్తాం. మన ఆఫీసుల్లో గడువు దగ్గరపడగానే పక్క టీముల నుంచి పదిమందిని తెచ్చి కూర్చోబెట్టే అలవాటు ఈ లెక్క తెలిసినవారిలో కూడా పోవడం లేదు. అది నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాని ఖరీదు చెల్లించేది రాత్రిళ్లు మేలుకునే కుర్రవాళ్లు.

అమెరికాలో 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైటు హెల్త్‌కేర్.గవ్ మొదలైంది. మొదటి రోజు చివరిదాకా వెళ్లి నమోదు కాగలిగినవారు ఆరుగురు. 55 కాంట్రాక్టు సంస్థలు కలిసి కట్టిన పని అది. అన్నిటినీ కలిపి కుట్టే పనిని ప్రభుత్వ విభాగమే తన నెత్తిన పెట్టుకుంది, దానికి ఆ అలవాటు లేదు. అక్టోబరు చివర్లో జెఫ్రీ జియెంట్స్‌ను బాధ్యుడిగా పెట్టారు. అప్పటికే పనిచేస్తున్న సంస్థల్లోంచే ఒకదానికి మొత్తం కలుపుకొచ్చే బాధ్యత అప్పగించారు. గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ లాంటివారు రోజూ ఒక గదిలో అందరినీ కూర్చోబెట్టారు. ఆ గదికి కొన్ని నియమాలు ఉండేవి. ఈ సమావేశం చిక్కు విప్పుకోవడానికి, నెపం ఎవరి మీద వేయాలో తేల్చుకోవడానికి ఇంకెక్కడికైనా వెళ్లండి. హోదా పెద్దదైనవారు గాక విషయం ఎక్కువ తెలిసినవారు మాట్లాడాలి. రాబోయే ఒకటి రెండు రోజుల్లో మీద పడబోయేదే ముందు చర్చించాలి. డిసెంబరు మొదటికల్లా ఆ వ్యవస్థ ఒకేసారి 50,000 మందిని తట్టుకుంది. మరుసటి ఏప్రిల్‌కు ఆ వెబ్‌సైటుకు మూలమైన బీమా చట్టం కింద బీమా పథకాలు ఎంచుకున్నవారు దేశమంతా కలిపి 80 లక్షలు దాటారు. నన్నడిగితే రెండో నియమమే అసలైనది. అప్పగింత దగ్గర ఏం జరుగుతుందో తెలిసినవాడు సాధారణంగా చిన్న ఉద్యోగి, బల్ల చివర కూర్చుంటాడు. పెద్దవారు మాట్లాడటం మొదలుపెడితే అతను నోరు విప్పడు.

చివరగా మన పొలాల సంగతి. స్వాతంత్ర్యం వచ్చాక ఆనకట్టలు కట్టాం, ప్రధాన కాలువలు తవ్వాం. నీరు తూముదాకా వచ్చింది. తూము దాటాక బోదె కాలువ ఎవరు తవ్వాలి? నీటిపారుదల శాఖ పని తూముతో అయిపోయింది. రైతు పని పొలంతో మొదలవుతుంది. ఆ నడుమ మట్టి ఎవరిదీ కాదు. దేశమంతటా ఇదే పరిస్థితి కనబడి, సాగుకు సిద్ధమైందన్న భూమికీ నిజంగా తడిసిన భూమికీ తేడా పెరిగిపోయి, 1974-75లో కేంద్రం ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. 1997లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసి నీటి సంఘాలను ఏర్పాటు చేసి, ఆ నడుమ భాగానికి రైతుల్నే యజమానులుగా నిలబెట్టింది. ఆలోచన గొప్పది. ఆ సంఘాలకు ఎన్నికలు క్రమం తప్పకుండా జరగాలని, నిధులు అందాలని పట్టుబట్టవలసినవాళ్లం మనం. కాలువ చివర భూమి ఉన్న రైతుకు ప్రాజెక్టు పూర్తయిందో లేదో శిలాఫలకం చెప్పదు. నీరు చెబుతుంది.

ఒక ప్రశ్న మిగిలింది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. అన్ని ప్రాజెక్టుల్నీ కాపాడాలా? ఏఎస్‌ఎల్‌వీ నాలుగు ప్రయోగాలతో ముగిసింది. అంత కష్టపడి నిలబెట్టిన వాహనాన్ని విజయం సాధించిన ఏడాదే పక్కన పెట్టారు. అయిదు నెలల తర్వాత, 1994 అక్టోబరు 15న, పీఎస్‌ఎల్‌వీ 804 కిలోల ఐఆర్ఎస్-పి2ను కక్ష్యలో పెట్టింది. దాని నడుముకు ఆరు స్ట్రాప్-ఆన్‌లు ఉన్నాయి. రెండింటితో నేర్చుకోకుండా ఆరింటిని కట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పని చెడినప్పుడు, ఇందులో కాపాడవలసింది వస్తువా, ఆ వస్తువు చేస్తూ నేర్చుకున్న విద్యా అని విడివిడిగా అడగాలి. వస్తువును వదిలేయవచ్చు. విద్యను రాసిపెట్టకుండా వదిలేస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఈ విషయంలో నిర్వాహకులకు నాదొక విన్నపం. మన ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికల్లో విజయాలకు చోటుంది, వైఫల్య విశ్లేషణకు ఒక్క పేపరు కూడా చాలాచోట్ల లేదు. ఈ ధర్మనిధి వడ్డీలోంచి ఏడాదికి ఒక వైఫల్యాన్ని ఎంచుకుని, అది ఆనకట్ట కావచ్చు, వంతెన కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు, దాని సంగతంతా సులువైన తెలుగులో, బొమ్మలతో, ఒక చిన్న పుస్తకంగా వేయించండి. పాలిటెక్నిక్ పిల్లలకు ఉచితంగా ఇవ్వండి. మొదటి పుస్తకం ఏఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం మీద అయితే, దాన్ని రాసే పని నేను తీసుకుంటాను.